ర్యామ్ బిగించడం తేలిక, ఎంచుకోవడమే అసలు పని

శ్రీసిటీలో, రేణిగుంటలో మన జిల్లా పిల్లలే సెల్‌ఫోన్లు, టీవీలు బిగిస్తున్నారు. అదే తిరుపతి జిల్లాలో ఇంట్లోని కంప్యూటర్ పక్క మూతకున్న రెండు స్క్రూలు విప్పాలంటే మాత్రం ఇంజినీరింగ్ చదివినవారు కూడా జంకుతారు. సిస్టమ్ నెమ్మదించగానే షాపుకు మోసుకెళ్లడం, ‘ర్యామ్ వేయాలండీ’ అంటే తలూపడం, సాయంత్రం బిల్లు కట్టి తెచ్చుకోవడం అలవాటైపోయింది. షాపులవారిని తప్పుపట్టడం లేదు. వాళ్లకు రోజూ పది సిస్టమ్‌లు వస్తాయి, తీరిగ్గా పరీక్షించే వ్యవధి ఉండదు. మన యంత్రానికి ఏం కావాలో తేల్చుకోవాల్సింది మనమే. ర్యామ్ అంటే నడుస్తున్న పనులను కంప్యూటర్ తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ. దాని విషయంలో అది సామాన్యులకు అందే పనే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. రోజూ చేసే పనులన్నీ నడుస్తున్నప్పుడు అందులో మెమరీ వాడకం చూడాలి. తొంభై శాతం దగ్గర తచ్చాడుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. సగం దగ్గరే ఉండి, డిస్కు మాత్రం వంద శాతం చూపిస్తుంటే ర్యామ్‌కు పెట్టే డబ్బు దండగ. పాత హార్డ్ డిస్కు తీసి, దానికన్నా ఎంతో వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగిలిన భారాన్ని డిస్కు మీదకు నెడుతుంది కాబట్టి ఒక్కోసారి రెండూ కలిసి ఎర్రబడతాయి. అప్పుడు మొదటి అనుమానం ర్యామ్ మీదే పడాలి. తిరుమల మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే వేళ తెర కదలకపోతే దానికీ ర్యామ్‌నే తిట్టుకునేవారున్నారు. అక్కడ ఆలస్యం ఆన్‌లైన్ క్యూది. 32 జీబీ వేసినా ముందు వరుసలోకి పోలేం.

టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలోనే ర్యామ్ బిగించే అరలు, అంటే స్లాట్లు, ఎన్నున్నాయి, ఎన్ని నిండాయి, వేగం ఎంత అన్నవి కనిపిస్తాయి. అసలు జాగ్రత్త పడాల్సిన చోటు ఇదే. ర్యామ్‌లో వరుసగా వచ్చిన తరాలైన డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోవు. డెస్క్‌టాప్ రకాల్లో డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 పిన్నులే ఉన్నా అడుగు అంచులోని గాడి స్థానం వేరు. కరెంటు అవసరమూ వేరే: డీడీఆర్4కు 1.2 వోల్టులు, డీడీఆర్5కు 1.1. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది కనుక అది డెస్క్‌టాప్‌లో పట్టదు. పాత డీడీఆర్3 యంత్రాలున్నవారు మరీ చౌకగా దొరికే ర్యామ్ పట్టీలను (స్టిక్కులను) చూసి మురిసిపోకూడదు. వాటిలో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లున్న బోర్డుల్లో మాత్రమే నడిచేవి, సర్వర్ల నుంచి ఊడదీసినవి కలిసి ఉంటాయి. అవి స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి, సిస్టమ్ మాత్రం లేవదు. విండోస్ 32 బిట్‌ది అయితే 4 జీబీకి మించి వేసినా ప్రయోజనం లేదు.

బిగించడం దగ్గరకొస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి తాకాలి. ఒంట్లోని స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది. పసుపు రంగులో మెరిసే పిన్నులకు వేలు తగలనీయకుండా స్టిక్కును అంచులతో పట్టుకుని, గాడి కలిసేలా నిటారుగా పెట్టి, రెండు కొనల మీదా బొటనవేళ్లతో నొక్కాలి. కొత్తవారు తడబడేది ఈ నొక్కడం దగ్గరే. బోర్డు కాస్త వంగినట్టు అనిపిస్తుంది, విరుగుతుందేమోనని మధ్యలో ఆపేస్తారు. క్లిప్పు టక్కున పడేదాకా నొక్కాల్సిందే. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులే వేస్తుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ సరైన చోట్లు. డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు నల్ల తెరే కనిపించవచ్చు. కంగారుపడి ఆపేయకండి, బోర్డు కొత్త మెమరీని సరిచూసుకుంటోంది. ఆ తర్వాత విండోస్‌లోనే ఉన్న మెమరీ పరీక్షను ఒకసారి నడిపితే సరిపోతుంది.

నా అసలు ఫిర్యాదు తయారీదారుల మీద. పలుచటి ల్యాప్‌టాప్ పేరుతో ర్యామ్‌ను ఊడదీయడానికి వీల్లేకుండా బోర్డుకే సోల్డర్ చేసి (అతికించి) అమ్ముతున్నారు. కొన్ననాడు తీసుకున్న 8 జీబీయే దాని జీవితకాలపు కోటా. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. మంచిదే. కానీ స్లాటే లేని యంత్రంలో ఆ హక్కును ఎక్కడ వాడుకుంటాం? పైగా కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరికి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ సంస్థ మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండ్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఖాళీ స్లాటున్న పాత డెస్క్‌టాప్ విలువ ఇప్పుడు పెరిగిందనే అంటాను. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ర్యామ్ పెంచినంత మాత్రాన పాత ప్రాసెసర్‌కు విండోస్ 11 అర్హత రాదు. అయినా 8 జీబీ, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే అదే యంత్రం విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మీద పిల్లల చదువుకు, ఆన్‌లైన్ దరఖాస్తులకు హాయిగా పనికొస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లేవారు షోరూములో రంగు, బరువు చూసే ముందు ర్యామ్ స్లాట్ ఉందా, ఉంటే ఖాళీగా ఉందా అని అడగండి. అమ్మే అబ్బాయికి తెలియకపోతే మోడల్ నంబరు రాసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. సోల్డర్ చేసినదే అయితే 16 జీబీ ఉన్నది తీసుకోండి, లేదా మరో మోడల్ చూపించమనండి.