ఎర్ర కళ్ల రోబో, రద్దయిన రేషన్ కార్డు

కృత్రిమ మేధతో మానవజాతికి ముప్పు ఉందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను. నమ్మక చస్తానా? ఈ ముప్పు మీద వచ్చే డాక్యుమెంటరీల్లో గుండెదడ పుట్టించే మ్యూజిక్ ఉంటుంది. కళ్లు ఎర్రగా వెలిగే రోబో ఉంటుంది. సగం మొహం చీకట్లో పెట్టుకుని మాట్లాడే పెద్దమనిషి ఉంటాడు. ఇంతకు మించి సాక్ష్యం ఏం కావాలి?

పైగా ఆ పెద్దమనుషుల చిత్తశుద్ధి చూడండి. 2018లో వచ్చిన 'డూ యూ ట్రస్ట్ దిస్ కంప్యూటర్?' చిత్రంలో ఎలాన్ మస్క్ మనల్ని హెచ్చరించారు. జనం కొన్నాళ్లు ఉచితంగా చూసేందుకు డబ్బు కూడా తానే కట్టారు. పెద్ద ఏఐల శిక్షణను ఆరు నెలలు ఆపాలన్న బహిరంగ లేఖ మీద 2023 మార్చిలో సంతకం పెట్టారు. అదే ఏడాది సొంత ఏఐ కంపెనీ పెట్టారు. ఇందులో తప్పేముంది? ప్రమాదం ఎలా ఉంటుందో చూపించాలంటే ఎవరో ఒకరు దాన్ని తయారు చేయాలిగా!

డాక్యుమెంటరీ వాళ్లూ తక్కువేం తినలేదు. 2018లో చనిపోయిన అమెరికన్ షెఫ్, టీవీ వ్యాఖ్యాత ఆంథోనీ బోర్డేన్ మీద 2021లో ఒక చిత్రం వచ్చింది. ఆయన రాసిన కొన్ని మాటల్ని ఏఐతో ఆయన గొంతులోనే పలికించారు. ఆ సంగతి తెరమీద ఎక్కడా చెప్పలేదు. దర్శకుడు ఇంటర్వ్యూలో చెబితేగానీ జనానికి తెలియలేదు.

ఇక మన తెలంగాణ సంగతికొస్తే, ఇక్కడి ప్రమాదానికి కెమెరా ముందు నిలబడే యోగ్యతే లేదు. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ రకరకాల శాఖల రికార్డులు కలిపి చూసి, ఎవరు పథకాలకు అర్హులో ఎవరు కాదో అధికారులకు చెబుతుంది. పేర్లు కలిసిపోయి, ఎవరి కారో ఇంకెవరి లెక్కలోనో పడిన సందర్భాలున్నాయి. కారున్న మనిషికి రేషన్ బియ్యం ఎందుకు? కార్డు రద్దు. ఇంటికెళ్లి విచారించకుండా కంప్యూటర్ లెక్కల మీదే కార్డులు తీసేశారన్న కేసులో, దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పంతొమ్మిది లక్షలు! అయినా సినిమాకి పనికిరాదు. పేలుళ్లు లేవు, రోబో లేదు, ఉన్నదల్లా ఒక ఎక్సెల్ షీటు. పోనీ ఎవరైనా ధైర్యం చేసి తీసినా ఇంటర్వ్యూలు ఎవరిస్తారు? అధికారినడిగితే సాఫ్ట్‌వేర్ అలా చూపించిందంటాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లనడిగితే తుది నిర్ణయం అధికారిదే అంటారు. ఆ 'కారు ఓనరమ్మ'ను అడుగుదామంటే, ఆవిడ మండలాఫీసుకు పోవడానికి బస్సు కోసం చూస్తూ ఉంటుంది.