రెండు పాత కార్డులు కలిస్తే ఒక కొత్త కార్డు అవుతుందా? వాట్సాప్ సందేశానికి ఖండన

కొన్నాళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వాట్సాప్ గ్రూపుల్లో గ్రాఫిక్స్ కార్డుల గురించి, అంటే కంప్యూటర్లో ఆటల బొమ్మలను తెర మీదికి గీసే భాగాల గురించి, ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. "సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1070 కార్డులు రెండు కొని, మధ్యన బ్రిడ్జి పెట్టి ఎస్‌ఎల్‌ఐ చేసుకోండి. స్పీడు డబుల్, మెమరీ 8 ప్లస్ 8 పదహారు జీబీ. ఏ బోర్డు మీదైనా నడుస్తుంది. కొత్త కార్డుకు పెట్టే డబ్బులు దండగ. నమ్మకపోతే స్కోరు చూడండి" అన్నది దాని సారాంశం. (ఎస్‌ఎల్‌ఐ అంటే రెండు కార్డులను జతచేసి ఒకే ఆటను గీయించే పద్ధతి, ఈ కార్డుల చిప్పులు తయారుచేసే ఎన్‌విడియా సంస్థది. బోర్డు అంటే మదర్‌బోర్డు.) దానికి, కార్డుల వేగాన్ని కొలిచే 3డీమార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్కోరు ఫొటో ఒకటి జతచేసి ఉంది. నల్లగొండలో కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. ఈ మాట నమ్మి కార్డులు కొన్న పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. తల్లిదండ్రులను ఒప్పించి తెచ్చుకున్న డబ్బు అలా పోతుంటే చూస్తూ ఊరుకోలేక, సందేశంలోని ఒక్కో మాటను తీసుకుని జవాబు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు స్కోరు సంగతి చూడాలి, ఎందుకంటే సందేశం బలమంతా ఆ ఫొటోలోనే ఉంది. ఆ ఫొటో దొంగది అని నేను అనను. 3డీమార్క్‌లోని టైమ్ స్పై పరీక్ష 2016లో వచ్చింది. ఒకటికి మించిన కార్డులను వాడుకునేలా దాన్ని తయారుచేసినవారే రాసి పెట్టారు, కాబట్టి అందులో రెండు కార్డులకు గ్రాఫిక్స్ స్కోరు దాదాపు రెట్టింపు రావడం సహజం. అయితే ఆ పరీక్షలో ఆడే మనిషి ఉండడు. కెమెరా ముందే గీసిన దారిలో పోతుంది, ప్రతిసారీ అదే దృశ్యం అదే వరుసలో వస్తుంది, ఒక్కో గ్రాఫిక్స్ పరీక్ష కాసేపట్లోనే ముగిసిపోతుంది. మనం ఆడే ఆటలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. పరీక్షలో వచ్చిన అంకె ఆ పరీక్షకే చెందుతుందనే విషయం ఈ రంగంలో పాత పాఠమే. 2003లో ఎన్‌విడియా డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) 3డీమార్క్03 పరీక్షను గుర్తుపట్టి, దానికోసమే పని తగ్గించుకుంటున్నాయని ఆ పరీక్షను తయారుచేసిన ఫ్యూచర్‌మార్క్ సంస్థే బయటపెట్టింది.

ఇక వేగం రెట్టింపు అన్న మాట. ఇక్కడ కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే మోసం జరిగేది సగటు అనే లెక్కలోనే. ఎస్‌ఎల్‌ఐలో సాధారణంగా ఒక ఫ్రేమును (తెర మీద పడే ఒక్కో బొమ్మను) మొదటి కార్డు, తర్వాతి ఫ్రేమును రెండో కార్డు గీస్తాయి. సెకనుకు 60 ఫ్రేములంటే సగటున ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. రెండు కార్డులు సమంగా అడుగు వేస్తే అలాగే వస్తాయి. కానీ కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి లాగినట్టు, రెండో కార్డు తన ఫ్రేమును మొదటిదాని వెనువెంటనే పడేసిందనుకోండి. అప్పుడు వరుస 5, 28.4, 5, 28.4 మిల్లీసెకన్లుగా నడుస్తుంది. రెండేసి కలిపి సగటు తీస్తే మళ్లీ 16.7 వస్తుంది, తెర మూలన 60 అనే అంకె కనిపిస్తుంది. కంటికి మాత్రం ఆ 28.4 మిల్లీసెకన్ల ఎడమే తెలుస్తుంది, అంటే సెకనుకు సుమారు 35 ఫ్రేముల అనుభవమే మిగులుతుంది. మైక్రో స్టటరింగ్ అనేది దీన్నే. 2011 తర్వాత కార్డులను పరీక్షించేవారు సగటును పక్కకు నెట్టి ఫ్రేము ఫ్రేముకూ పట్టిన సమయాన్ని కొలవడం మొదలుపెట్టింది ఇలాంటి లోపాలు సగటులో దాగిపోతున్నందుకే. 2013లో ఎన్‌విడియా ఎఫ్‌క్యాట్ అనే పద్ధతిని అందుబాటులోకి తెచ్చింది. అందులో ప్రతి ఫ్రేము అంచున ఒక రంగు పట్టీ వేసి, తెరకు వెళ్లే సిగ్నల్‌ను రికార్డు చేసి, ఏ ఫ్రేము తెర మీద ఎంతసేపు నిలిచిందో లెక్కిస్తారు. అదే ఏడాది పోటీ సంస్థ ఏఎమ్‌డీ, రెండు కార్డులను జతచేసే తన క్రాస్‌ఫైర్ పద్ధతి కోసం ఫ్రేముల మధ్య ఎడాన్ని సరిచేసే డ్రైవరు విడుదల చేయాల్సి వచ్చింది.

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక తమ్ముడు క్యాబినెట్ బల్ల మీద పెట్టి అడిగిన ప్రశ్న ఇదే: "స్కోరు డబుల్ వచ్చింది గదన్నా, మరి ఆట ఎందుకు గుంజి గుంజి నడుస్తుంది?" ఫ్రేము సమయాల గ్రాఫు తీసి చూపించాను. నున్నటి గీత ఉండాల్సిన చోట రంపపు పళ్లలాగా పైకీ కిందికీ గీతలు కనిపించాయి. కింది కార్డును, బ్రిడ్జిని తీసేసి ఒక్క కార్డుతో అదే ఆటను అదే చోట నడిపితే సగటు తగ్గింది, గ్రాఫు మాత్రం సాఫీగా పరుచుకుంది. చేతిలో కంట్రోలరు పట్టుకుని ఆడుతున్న అతను గ్రాఫు వైపు చూడకముందే "ఇదే బాగుంది" అన్నాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఒక్కో ఫ్రేమును గీయడానికి ఒక కార్డుకు 30 మిల్లీసెకన్లు పడితే, రెండు కార్డులు వంతులవారీగా గీసినా ఆ ఫ్రేముకు 30 మిల్లీసెకన్లే పడుతుంది. ఫ్రేముల సంఖ్య పెరుగుతుంది గానీ, మీట నొక్కినప్పటి నుంచి తెర మీద ఫలితం కనిపించేదాకా పట్టే ఆలస్యం ఆ మేరకు తగ్గదు. ప్రాసెసరే వెనకబడి ఉంటే ఫ్రేములు కూడా పెరగవు. బోరులో నీళ్లు లేనప్పుడు ఎంత పెద్ద మోటారు దించినా పొలానికి చేరేది అంతే.

పై లెక్కంతా ఆట ఎస్‌ఎల్‌ఐని గుర్తించినప్పటి మాట. ఇప్పటి ఆటల్లో చాలావరకు రెండో కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ఆటకూ కార్డుకూ మధ్య వారధిగా ఉండే డైరెక్ట్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో 11వ వెర్షన్ వరకు పనిని కార్డుల మధ్య పంచే బాధ్యతను చాలావరకు డ్రైవరు మోసేది. డైరెక్ట్ఎక్స్ 12, అలాంటిదే అయిన వల్కన్ వచ్చాక ఆ భారం ఆట రాసేవారి మీద పడింది, వారిలో ఎక్కువమంది దాన్ని తలకెత్తుకోలేదు. పైగా ఈనాటి ఆటలు అంచులను నునుపు చేయడానికి వెనకటి ఫ్రేముల సమాచారాన్ని వాడుకుంటాయి. వెనకటి ఫ్రేము ఇంకో కార్డులో ఉన్నప్పుడు, అది వచ్చేదాకా ఈ కార్డు ఎదురుచూడక తప్పదు. ఈ పరిస్థితి చూసే ఎన్‌విడియా తన పాత కార్డులకు 2021 జనవరి 1 నుంచి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (ఒక్కో ఆటలో రెండు కార్డులు పనిని ఎలా పంచుకోవాలో చెప్పే సెట్టింగులు) ఇవ్వడం ఆపేసింది. ఆర్‌టీఎక్స్ 30 వరుస గేమింగ్ కార్డుల్లో 3090 తరహా పెద్ద కార్డులకే జతచేసే కనెక్టరు మిగిలింది, 2022లో వచ్చిన 40 వరుసలో అది కూడా పోయింది. 1998లో వూడూ2 అనే ఆనాటి గ్రాఫిక్స్ కార్డులను జతచేసి, తెర మీది గీతలను సరి బేసిగా పంచి గీయించిన కాలంలో ఈ ఆలోచనకు నిజంగా విలువ ఉండేది. ఆ రోజుల మీద అభిమానం నాకూ ఉంది, కానీ ఆ అభిమానంతో 2016 నాటి కార్డులను ఇవాళ ఒక విద్యార్థికి అంటగట్టలేం.

మెమరీ 16 జీబీ అవుతుందన్నది పూర్తిగా తప్పు. వంతులవారీగా ఫ్రేములు గీసేటప్పుడు రెండు కార్డులకూ ఆ దృశ్యంలోని టెక్స్చర్లన్నీ (వస్తువుల మీద పరిచే బొమ్మలన్నీ) కావాలి, కాబట్టి ఒకే సమాచారం రెండింటిలోనూ నిండుతుంది. ఇద్దరు పిల్లలకు ఒకే పాఠ్యపుస్తకం చెరొకటి కొనిస్తే ఇంట్లో పుస్తకాలు రెండవుతాయి, పాఠాలు రెండింతలు కావు. ఆటకు దక్కేది 8 జీబీయే.

ఏ బోర్డు మీదైనా నడుస్తుందన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఎస్‌ఎల్‌ఐకి రెండు స్లాట్లలోనూ కనీసం ఎనిమిదేసి లేన్లు (కార్డుకూ ప్రాసెసరుకూ మధ్య సమాచారం నడిచే దారులు) ఉండాలి, బోర్డుకు ఎస్‌ఎల్‌ఐ అనుమతి ఉండాలి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే తక్కువ ధర బోర్డుల్లో రెండో స్లాటు పొడవుగా కనిపించినా లోపల నాలుగు లేన్లే ఉంటాయి, కొన్నిటిలో రెండో స్లాటే ఉండదు.

సందేశంలో అసలు ప్రస్తావనే లేనివి వేడి, కరెంటు. మన ప్రాంతంలో వీటిని వదిలేసి కార్డుల గురించి మాట్లాడటం కుదరదు. జీటీఎక్స్ 1070 ఒక్కోటి 150 వాట్లు తీసుకుంటుంది, రెండింటికి 300. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. ప్రాసెసరు, మానిటరు కూడా కలిశాక, పరీక్ష మధ్యలో కరెంటు పోయిందంటే యూపీఎస్ ఒక్క అరుపు అరిచి అన్నిటినీ ఆర్పేస్తుంది. వేడి సంగతి ఇంకా కష్టం. రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి బిగించినప్పుడు, కింది కార్డు వదిలిన వేడి గాలినే పై కార్డు ఫ్యాను పీల్చుకుంటుంది. ఏసీ గదిలో తీసిన స్కోరును మే నెలలో 44 డిగ్రీల ఎండ కాసే ఊళ్లో, రేకుల గదిలో ఆశించడం న్యాయం కాదు. ఈ తరం కార్డులు సుమారు 83 డిగ్రీలకు చేరాక తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి, పై కార్డు తగ్గితే దాని వంతు ఫ్రేములన్నీ ఆలస్యమవుతాయి. అందుకే నేను స్కోరు ఒక్కటి చూసి ఏ కార్డునూ ఒప్పుకోను. 3డీమార్క్‌లోనే ఒకే దృశ్యాన్ని 20 సార్లు తిప్పే స్ట్రెస్ టెస్టు ఉంది, ఫ్రేముల నిలకడ 97 శాతం కంటే తగ్గితే అందులో తప్పినట్టే. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు డబ్బు చేతిలో పెట్టేముందు, మధ్యాహ్నం పూట, క్యాబినెట్ మూత బిగించి ఈ పరీక్ష నడిపించమని అడగాలి.

కొత్త కార్డుకు పెట్టే డబ్బు దండగ అన్నదాని గురించి రెండు విషయాలు చెబుతాను. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 ఒక్కటే 115 వాట్లతో నడుస్తుంది, అందులో రే ట్రేసింగ్ (వెలుగు నీడలను నిజంలా లెక్కించే పద్ధతి) కోసం ప్రత్యేక హార్డ్‌వేరు, డీఎల్ఎస్ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను ఏఐతో పెంచే పద్ధతి) రెండూ ఉన్నాయి. 1070లు ఎన్ని కలిపినా అవి రావు. రెండోది, 1070 తరం కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే గేమ్ రెడీ డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ముగించింది. ఇక మిగిలింది భద్రతా అప్‌డేట్లు మాత్రమే.

అయితే రెండు కార్డులు ఎక్కడా పనికిరావని చెబితే అదీ అబద్ధమే అవుతుంది. 3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ వంటి వాటిలో బొమ్మను ముక్కలుగా పంచి గీస్తారు, అక్కడ ఎస్‌ఎల్‌ఐ బ్రిడ్జి కూడా అవసరం లేదు, వేగం చాలావరకు రెట్టింపు దగ్గరికి వస్తుంది. అక్కడ కూడా దృశ్యం సాధారణంగా ఒక్కో కార్డు మెమరీలోనూ విడిగా నిండుతుంది. ఇంట్లోనే భాషా మోడళ్లను (చాట్‌బాట్ల వెనక ఉండే ఏఐని) నడిపేవారు మోడల్ పొరలను రెండు కార్డుల మధ్య పంచుకోవచ్చు, మెమరీ నిజంగా కలిసొచ్చే చోటు అది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియో ఆయన ఈ సందేశం పట్టుకుని వస్తే, నేను మొదట అడిగింది ఆయన వాడే సాఫ్ట్‌వేర్ పేరు. రెండో కార్డు వల్ల ఆయన టైమ్‌లైన్ పనికి ఒరిగేది తక్కువ అని తేలాక, ఆ డబ్బుతో ర్యామూ ఎస్ఎస్‌డీ వేసి పంపించాను.