మాస్ బడ్జెట్ గారికి ఒక బ్రాకెట్ వాడి మొర

మహారాజశ్రీ మాస్ బడ్జెట్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. శాటిలైట్‌లో ఏ వస్తువు ఎంత బరువుండాలో గీత గీసే లెక్క తమరు. ఇక్కడ అందరం క్షేమమే, ఒక్క నా బ్రాకెట్ తప్ప. పుట్టినప్పుడు 212 గ్రాములుండేది పాపం, నిండుగా, ముచ్చటగా. నెల తిరక్కుండా డ్రాయింగ్ రివిజన్ బీ వచ్చింది, 180కి దించమన్నారు, దించాం. రివిజన్ సీలో 163 అన్నారు, సరే అన్నాం. ఇప్పుడు రివిజన్ డీ టేబుల్ మీద కూర్చుంది, ఇంకో 11 గ్రాములు తియ్యాలట. ఎక్కణ్నుంచి తియ్యమంటారు సార్? బరువు తగ్గడానికి లోపల గుంటలు (పాకెట్లు) కొట్టీ కొట్టీ ఇప్పటికే దాన్ని జల్లెడ చేశాం. మొన్న మా మెషిన్ ఆపరేటర్ దాన్ని లైటుకి ఎదురుగా పట్టుకుని "అన్నా, ఇది బ్రాకెట్టా, బూందీ గరిటా" అనడిగాడు.

నేనెవరో చెప్పలేదు కదా. బాలానగర్‌లో ఒక చిన్న షాపులో డిజైనూ నేనే, లోహాన్ని కంప్యూటర్ చెప్పినట్టు కోసే సీఎన్‌సీ మెషిన్ ప్రోగ్రామింగూ నేనే. శాటిలైట్ లోపల ఏదో ఒక డబ్బాని కదలకుండా పట్టుకునే అల్యూమినియం ముక్కలు కోస్తాం. రెండు కిలోల దిమ్మ మెషిన్ మీదకెక్కితే పావుకిలో కూడా మిగలదు, మిగతాదంతా చిప్స్ అయిపోయి గోనెసంచుల్లో తుక్కు కొట్టుకి పోతుంది. ఆ సంచుల బరువు మీద మాత్రం మీకు ఏ పట్టింపూ లేదు.

బయట జనం ఏమనుకుంటారంటే, అంతరిక్ష ప్రయోగం అంటే సైంటిస్టు ఎవరో అర్ధరాత్రి డాబా మీద చందమామని చూసి "అక్కడికెళ్దాం" అనుకుంటే మొదలవుతుందని. నిజం మనిద్దరికీ తెలుసు. అది ఒక ఎక్సెల్ షీట్‌తో మొదలవుతుంది. ఒక్కో వరసలో ఒక్కో పెట్టె, కెమెరాకి ఇంత, బ్యాటరీకి ఇంత, యాంటెనాకి ఇంత, చివర్లో మొత్తం. ఆ చివరి గడి ఎర్రగా మారిందంటే అది మీకు కోపం వచ్చినట్టు, ఇక రివ్యూ మీటింగులో ఎంత పెద్ద డాక్టరేటున్న వాడైనా తల దించుకోవాల్సిందే. బంగారం కొట్లో ఫ్యాన్ ఆపించి మరీ తూయించే మా పిన్ని కూడా మీ ముందు దిగదుడుపే, ఆవిడ కనీసం తరుగు దగ్గర రాజీ పడుతుంది.

మీ కోపంలో న్యాయం లేదని అనను. మన శ్రీహరికోటలో లేచే ఎల్‌వీఎం3 రాకెట్టు బరువు 640 టన్నులు, అంతా చేసి అది జీటీఓ అనే ఎత్తైన బదిలీ కక్ష్యకి మోసుకెళ్ళేది 4 టన్నులు. అంటే కిలో సరుక్కి 160 కిలోల బండి. పోనీ అక్కడితో అయిందా అంటే కాదు, చంద్రుడి మీద దిగే లాండర్ మీద ఒక్క కిలో పెరిగితే దాన్ని అక్కడ ఆపడానికి ఇంకాస్త ఇంధనం, ఆ ఇంధనం పట్టడానికి పెద్ద ట్యాంకు, ఆ ట్యాంకుని అంత దూరం తోయడానికి మళ్ళీ ఇంధనం, వడ్డీ కట్టడానికి చేబదులు తెచ్చినట్టుంటుంది యవ్వారం. మంగళయాన్ మొత్తం బరువు 1337 కిలోలైతే అందులో ఇంధనమే 852 కిలోలు. ఏ పని కోసం అంత దూరం వెళ్ళిందో ఆ ఐదు పరికరాలూ కలిపి 15 కిలోలు దాటలేదు. మా ఇంట్లో గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు.

మీకు భయపడి జనం ఎన్నెన్ని చేశారో మీకు గుర్తుందో లేదో. అపోలో వాళ్ళ లూనార్ మాడ్యూల్‌లో, అంటే చంద్రుడి మీద దిగే బండిలో, సీట్లే పీకేశారు, చంద్రుడి మీద మొదటిసారి దిగబోయే మనుషులు పల్లెవెలుగు బస్సులో లాగా నిలబడి, పడిపోకుండా తాళ్ళతో బిగించుకుని దిగారు. స్పేస్ షటిల్ పెద్ద ట్యాంకుకి 1981లో మొదటి రెండు ప్రయాణాలకీ తెల్ల పెయింట్ వేశారు, తర్వాత ఎవరో ఆ పెయింటే 270 కిలోల దాకా ఉందని లెక్క తీశారు, అంతే, మూడోసారి నుంచి రంగు లేకుండానే పైకి పంపారు. అందరూ గొప్పగా చెప్పుకునే ఆ నారింజ రంగు సోకు కాదు, సున్నం కొట్టకుండా గృహప్రవేశం చెయ్యడం.

ఇక మార్జిన్ సంగతి, అంటే బరువు పెరుగుతుందేమోనని ముందే అదనంగా వేసుకునే లెక్క. మీరు మహా నిక్కచ్చి అంటారు గానీ మీ ఇంట్లో ఎన్ని అరలున్నాయో నాకు తెలుసు. యూరప్ వాళ్ళ పద్ధతిలో ఇంతకుముందు ఎగిరిన పెట్టె అయితే 5 శాతం ఎక్కువ వేసుకోవచ్చు, కాస్త మార్చింది అయితే 10, ఇంకా కాగితం మీదే ఉన్నది అయితే 20, ఇవన్నీ కూడిన తర్వాత మొత్తం మీద మళ్ళీ ఇంకో 20. పెళ్ళి భోజనాల లెక్కే కదా ఇది! మూడొందల మంది వస్తారంటే వంటాయన మూడొందల యాభైకి బియ్యం రాయిస్తాడు, పెళ్ళికూతురు తండ్రి మాట పోకూడదని నాలుగొందలు చేస్తాడు, చివర్లో బాబాయ్ వచ్చి "ఎందుకైనా మంచిది" అంటాడు. తేడా ఏంటంటే పెళ్ళిలో అన్నం మిగిలిపోతుంది, మీ దగ్గర అంతా వేసినా చాలదు. వైర్లు ఉన్నాయిగా. ఎవరి వరసలోనూ సరిగ్గా ఇమడవు, ప్రతి రివ్యూకీ లావెక్కుతాయి. వాటికి ఏ రివిజనూ రాదు. వచ్చేది నా బ్రాకెట్‌కే.

చంద్రయాన్ దగ్గర మాత్రం మిమ్మల్ని ఒక మాట అడగాలి. 2019లో చంద్రయాన్-2 లాండర్ విక్రమ్ 1471 కిలోలు, ఐదు ఇంజిన్లు, దిగాల్సిన చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. ఇంజిన్లు అనుకున్నదానికంటే గట్టిగా తోశాయి, తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, సర్దుకునే వీలు లేకపోయింది. ఆ రాత్రి మా షాపులో షిఫ్ట్ ఆపేసి ఫోన్లో చూస్తున్నాం, తెర మీద లాండర్ దారి చూపించే గీత ఆగిపోయిన దగ్గర ఎవరూ ఏమీ మాట్లాడలేదు, కంప్రెసర్ ఒక్కటే మోగుతోంది. మళ్ళీ 2023లో చంద్రయాన్-3 చూస్తే అదే పేరున్న కొత్త విక్రమ్ రోవర్‌తో కలిపి 1752 కిలోలు! కాళ్ళు గట్టివి వేశారు, ఇంధనం ఎక్కువ పోశారు, వేగం కొలిచే లేజర్ సెన్సర్ కొత్తగా పెట్టారు, సెకనుకి 3 మీటర్ల వేగంతో తగిలినా తట్టుకునేలా చేశారు, దిగే చోటు 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లు చేశారు. ఐదో ఇంజిన్ తీసేశారు. చంద్రుడి చుట్టూ తిరిగే ఆర్బిటర్ పాతది పైన బాగానే పనిచేస్తోంది కాబట్టి కొత్తది పంపలేదు, ఆ జాగాలో లాండర్‌ని చంద్రుడి దాకా తోసే 2148 కిలోల ప్రొపల్షన్ మాడ్యూల్. అంటే లాండర్‌కి 280 కిలోలు పెంచడానికి మీరు ఒప్పుకున్నారు! ఆగస్టు 23న దిగింది, పైగా మిగిలిన ఇంధనంతో సెప్టెంబర్ 3న మళ్ళీ ఇంజిన్ వెలిగించి 40 సెంటీమీటర్లు గెంతింది కూడా. దానికి గెంతడానికి మిగిల్చిన మీరు నాకు 11 గ్రాములు వదల్లేరా?

ఇప్పుడు చంద్రయాన్-4 అంటున్నారు, 2104 కోట్లు, చంద్రుడి మట్టి తీసుకుని వెనక్కి రావాలి. ఒక్క రాకెట్టు మొయ్యలేదని ఐదు మాడ్యూళ్ళని రెండు ఎల్‌వీఎం3ల్లో పంపి పైన కలుపుతారట. 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ ప్రయోగంలో ఒక్కోటి 220 కిలోలున్న శాటిలైట్లు రెండూ కక్ష్యలో అతుక్కున్నది ఆ పనికి రిహార్సలే. మిమ్మల్ని గెలవలేక మనవాళ్ళు సామాను రెండు ట్రిప్పులు చేశారన్నమాట, ఇల్లు మారేటప్పుడు మేం చేసినట్టు. నాకు తెలుసు, రెండు ట్రిప్పులంటే అతుక్కునే కొక్కేలూ సెన్సర్లూ అదనంగా పడతాయి, వాటికి బ్రాకెట్లు కావాలి, ఆ బ్రాకెట్లకి రివిజన్లు వస్తాయి.

ఉంటాను మరి, మెషిన్ ఖాళీ అయింది.

ఇట్లు,
మీ విధేయుడు,
163 గ్రాముల బ్రాకెట్ వాడు

తా.క.: ఇది రాస్తూ రాస్తూనే మోడల్ ఇంకోసారి తిప్పి చూశాను, వెనక పక్క బలానికి పెట్టిన రిబ్ (పట్టీ) సన్నం చేస్తే 14 గ్రాములు పోతాయి, బలం లెక్క కూడా సరిపోతోంది. అడిగింది 11, అంతే తీస్తున్నా. మిగతా 3 గ్రాములు రివిజన్ ఈ కోసం దాచుకున్నా, ఎక్సెల్ షీట్‌కి చెప్పకండి.