వర్షమాపకానికి అందని కరవు

విశాఖపట్నం జిల్లాకు కరవేమిటని అడిగేవారి వద్ద బలమైన వాదనే ఉంది. ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడే తీరప్రాంతం ఇది. నైరుతి రుతుపవనాలు ముఖం చాటేసినా, అక్టోబరులో బంగాళాఖాతంలో పుట్టే ఒక్క వాయుగుండం ఆ లోటును పూడ్చేస్తుంది. అయితే పూడేది లెక్కల్లోని లోటు మాత్రమే. ఆగస్టులో బెట్టకు ఎండిపోయిన వరి నారును అక్టోబరు వాన బతికించలేదు సరికదా, ఎలాగో నిలదొక్కుకుని ఈనిక మీద ఉన్న చేను ఏదైనా ఉంటే దాన్ని కూడా పడగొట్టి పోతుంది. ఆకాశం నుంచి పడిన నీటిని కొలిచి, నేలలో మిగిలిన తడిని కొలవకుండా కరవును నిర్ణయించే పద్ధతి, వాతావరణం వేడెక్కే కొద్దీ మరింతగా తప్పుతుంది.

భీమిలి, ఆనందపురం, పద్మనాభం మండలాల మెట్ట భూముల్లో విస్తారంగా కనిపించేవి ఎర్ర గరప నేలలు. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. ఇటువంటి నేల మీటరు లోతున మొక్క పీల్చుకోగల నీటిని సుమారు 100 మిల్లీమీటర్ల మేర పట్టి ఉంచుతుంది. కాయగూరలకు, పూలమొక్కలకు వేళ్లు చాలావరకు అడుగు లోతులోనే ఉంటాయి కనుక వాటికి దక్కేది 30 మిల్లీమీటర్లే. ఎండ బాగా కాసిన రోజున ఏపుగా ఉన్న పైరు, దాని కింది నేల కలిసి 5 మిల్లీమీటర్ల దాకా ఆవిరి చేస్తాయి. అంటే పూర్తిగా తడిసిన నేల కూడా ఆరు రోజుల్లో ఖాళీ అవుతుంది. మొక్క తల వాల్చడం అంతకు ముందే మొదలవుతుంది. ఒకే రాత్రి 120 మిల్లీమీటర్లు కురిస్తే ఎకరా మీద దాదాపు 4.9 లక్షల లీటర్ల నీరు పడినట్టు. అందులో ఆ అడుగు మందం మట్టి దాచుకునేది పావు వంతు. మిగిలింది కొంత కిందికి ఇంకి, ఎక్కువ భాగం గెడ్డల (వాగుల) వెంట సముద్రంలో కలుస్తుంది. అదే 120 మిల్లీమీటర్లు వారానికి 30 చొప్పున నాలుగు విడతలుగా పడితే నెల రోజులు పైరు నిలుస్తుంది. నెలాఖరున వర్షమాపకం మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపుతుంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది ఇముడ్చుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది, కురవని రోజుల్లో గాలి నేల నుంచి మరింత తడిని లాగేస్తుంది. 30 డిగ్రీల వద్ద 70 శాతం తేమ ఉన్న గాలి, కొత్తగా ఆవిరి చేరకుండా 32 డిగ్రీలకు వేడెక్కితే దాని దాహం, అంటే అది ఇంకా ఇముడ్చుకోగల ఆవిరి, 40 శాతం పెరుగుతుంది. సముద్రం పక్కనే ఉన్న మనకు ఈ దెబ్బ అంతగా తగలదనే మాటలో నిజం లేకపోలేదు. కానీ రుతుపవనాలు ఆలస్యమై, సముద్రపు గాలిని వెనక్కి నెట్టి పడమటి పొడిగాలులు వీచే జూన్ రోజుల్లో ఆ రక్షణ ఉండదు. పైగా నేలలో తడి అయిపోయాక, అంతవరకు నీటిని ఆవిరి చేయడానికి ఖర్చయిన ఎండ వేడి గాలిని కాల్చడానికి మళ్లుతుంది. బెట్ట ఎండను పెంచుతుంది, ఎండ బెట్టను ముదరబెడుతుంది.

దక్షిణాసియాలో రుతుపవన వర్షం దీర్ఘకాలంలో పెరుగుతుందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నాటి నివేదిక అంచనా వేసింది. దీన్ని చూపి నిశ్చింతగా ఉండమనేవారు 2023 సంవత్సరాన్ని గుర్తు చేసుకోవాలి. ఆ ఆగస్టులో దేశవ్యాప్తంగా 36 శాతం వర్షం లోటు ఏర్పడింది. 1901 నుంచి అంతటి పొడి ఆగస్టు మరొకటి లేదు. అయినా నాలుగు నెలల సీజన్ ముగిసేసరికి మొత్తం లోటు 6 శాతానికి తగ్గింది. ఆగస్టు బెట్ట ఆ అంకెలో కనిపించదు.

కరవు ప్రకటనకు ప్రాతిపదికైన 2016 నాటి కేంద్ర మాన్యువల్ నేల తడిని పూర్తిగా విస్మరించిందని అనలేము. అయితే ముందుగా దాటవలసిన గడప వర్షలోటు, వానల మధ్య విరామం. నేల తేమ, పంటల స్థితి వంటివి ఆ తర్వాతి వరుసలో వస్తాయి. విరామం లెక్కలోకి రావాలంటే మూడు నాలుగు వారాలు వరుసగా, ప్రతి వారమూ సాధారణ వర్షంలో సగం కూడా పడకుండా ఉండాలి. ఆరు రోజుల తడి దాచే ఎర్ర నేలకు కూడా, దానికి రెట్టింపు తడి పట్టే నల్లరేగడికి లాగే, వారాల లెక్కన గడువు పెట్టడం నా దృష్టిలో ఈ విధానంలోని అతి పెద్ద లోపం.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా అనవచ్చు. 2015 నుంచి నాసా వారి స్మాప్ ఉపగ్రహం నేల తేమను కొలుస్తూనే ఉంది, కానీ అది నేరుగా చూసేది పైన 5 సెంటీమీటర్లనే. పైగా దాని ఒక్కో కొలత పదుల కిలోమీటర్ల విస్తీర్ణానికి సగటు. కొండ, మెట్ట, పల్లం, ఇసుక తీరం అరగంట ప్రయాణంలో మారిపోయే ఈ జిల్లాకు ఆ సగటు ఎంతవరకు పనికొస్తుంది? మండలానికి కనీసం మెట్టలో ఒకటి, పల్లంలో ఒకటి చొప్పున వేళ్ల లోతున తేమ కొలిచే పరికరాలు పాతి, ఆ అంకెలను వర్షపాతంతో పాటు రోజూ ప్రకటించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. పంటల బీమాకూ ఆ అంకెలే ఆధారం కావాలి.

నేల తడి పట్టే శక్తిని పెంచడం మరో పని. రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను పచ్చగా కప్పి ఉంచుతున్నారు. ఆ కప్పు వల్ల ఎండ నేరుగా మట్టికి తగలదు, వాన ధాటికి పైమట్టి కొట్టుకుపోదు, ఆకు అలము కుళ్లి క్రమంగా సేంద్రియ పదార్థం పెరుగుతుంది. దీనితోనే కరవు తీరిపోతుందనడం అతిశయోక్తి. ఇసుక నేలలో ఆ పెరుగుదలకు ఏళ్లు పడుతుంది. అంతకంటే ముందు, వేసవిలో పశువులను పొలాల మీదికి వదిలేసే ఊళ్లలో ఆ పచ్చిక నిలవాలంటే ఊరంతా ఒక కట్టుబాటుకు రావలసి ఉంటుంది.