స్టార్లు పెరిగాయి, స్టిక్ పోయింది
హ్యాండ్‌హెల్డ్‌కి (చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేమ్ మెషీన్‌కి) మార్చిన గేమ్ అంటే కోతలు పెట్టిన గేమే అని కొందరు అంటుంటారు, అది అన్నిటికీ వర్తించదు. 1996లో టీవీకి పెట్టి ఆడే నింటెండో 64కి వచ్చిన సూపర్ మారియో 64ని 2004లో నింటెండో వాళ్ళ హ్యాండ్‌హెల్డ్ డీఎస్‌కి మళ్ళీ చేసినప్పుడు కోయకపోగా గేమ్‌లో సంపాదించాల్సిన స్టార్లు 120 నుంచి 150 చేశారు, మారియోతో పాటు యోషి, లూయీజీ, వారియో పాత్రలతో కూడా ఆడొచ్చు. దెబ్బ పడింది వేరే చోట. పాత కంట్రోలర్‌లో బొటనవేలితో తిప్పే స్టిక్ ఎంత వంచితే మారియో అంత వేగంగా కదిలేవాడు, డీఎస్‌లో ఆ స్టిక్కే లేదు, పరిగెత్తాలంటే ఇంకో బటన్ నొక్కి పట్టుకోవాలి, లేదంటే టచ్ స్క్రీన్ మీద వేలు తిప్పుకోవాలి. మా మామ కొడుకు డీఎస్ అడిగి తీసుకుని చిత్తూరు నుంచి తిరుపతి బస్సులో ఆడేవాణ్ణి, సరిగ్గా సన్నటి వంతెన దాటేటప్పుడే బస్సు గుంతలో పడేది (మన రోడ్ల సంగతి తెలిసిందే కదా), మారియో కిందికి పోయేవాడు. కాణిపాకం క్రాస్ దగ్గర మొదలుపెడితే చంద్రగిరి వచ్చినా ఒక్క స్టారూ దొరకని రోజులున్నాయి, అయినా బస్సు దిగబుద్ధయ్యేది కాదు.