హిజామా కప్పు గారికి ఒక వీపు మనవి

చర్మం మీద బోర్లుకుని, గాట్లలోంచి 'చెడు రక్తం' లాగే హిజామా వైద్యపు మహారాజశ్రీ కప్పు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ నా నడుము అంత క్షేమం కాదు. మీరు క్షేమమేనని మా మెహదీపట్నంలో బోర్డులు చూస్తేనే తెలుస్తోంది. జిమ్ పైన ఒకటి, బ్యూటీ పార్లర్ వెనక ఒకటి.

రెండు వారాల కింద మా తోడల్లుడు నన్ను మీ దగ్గరికి లాక్కొచ్చాడు. ఆయన లెక్కలో నడుము నొప్పి పదిగంటలు కుర్చీలో కూలబడటం వల్ల రాదు, చెడు రక్తం వల్ల వస్తుంది. నన్ను బోర్లా పడుకోబెట్టారు. మిమ్మల్నీ నా వీపు మీద బోర్లించారు. పిస్తోలు లాంటి పంపు తగిలించి టక్ టక్‌మని మూడుసార్లు లాగేసరికి చర్మం బూరెలా పొంగింది. కాసేపాగి మిమ్మల్ని తీసి, సన్నటి బ్లేడుతో గాట్లు పెట్టి, మళ్లీ అక్కడే బోర్లించారు. మొత్తం ఏడు కప్పులు, కప్పుకి 150 చొప్పున 1,050 రూపాయలు. చివర్లో ఒక కప్పు నా మొహం దగ్గర పెట్టారు. లోపల నల్లగా, జెల్లీలా వణుకుతోంది.

"చూశారా సార్, ఎంత చెడు రక్తమో!"

చూశాను. సంక్రాంతి వెళ్లిన వారం ఇదే ఒంట్లోంచి బ్లడ్ బ్యాంకు వాళ్లు 350 మిల్లీలీటర్లు తీసుకున్నారు. మామిడిపండు జ్యూసు ప్యాకెట్ చేతిలో పెట్టి, మంచి మనసండీ మీది అన్నారు. చేతిలోంచి తీస్తే ప్రాణదానం, వీపులోంచి తీస్తే విషం! మంచినీళ్ల పైపు, మురుగు పైపు విడివిడిగా వేయడం మా కాలనీలోనే ఇంకా కుదరలేదు, నా ఒంట్లో ఎవరు వేశారో. బయటికొచ్చిన రక్తం కప్పులో కాసేపుంటే గడ్డకడుతుంది, నల్లబడుతుంది. దాని ఉద్యోగమే అది. గడ్డకట్టకపోతే కదా టెన్షన్ పడాల్సింది.

మీ వంశాన్ని తక్కువ చేయడం లేదు. మీ తాతగారు ఆవు కొమ్ము. కొసన కన్నం పెట్టి వైద్యుడు నోటితో పీల్చేవాడు. వాతానికి కొమ్ము, పిత్తానికి జలగ, కఫానికి సొరకాయ బుర్ర అని సుశ్రుతుడు మీ కుటుంబానికి పనులు పంచిపెట్టాడు. ఆ బుర్రలో దీపం పెట్టేవాళ్లు. వేడెక్కిన గాలి చల్లారితే లోపల ఒత్తిడి తగ్గుతుంది, చర్మం పైకి లేస్తుంది. పంపుల్లేని రోజుల్లో ఆ ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలి. చైనాలో గె హాంగ్ అనే వైద్యుడు నాలుగో శతాబ్దంలోనే కొమ్ముతో చీము లాగడం గురించి రాశాడు. యూరప్‌లో అయితే మీ కోసం ఇత్తడి డబ్బాలే చేయించారు. మీట నొక్కితే స్ప్రింగు మీద డజను బ్లేడ్లు ఒక్కసారిగా దిగేవి. నాకు ఒక్క బ్లేడే దక్కింది, అదృష్టవంతుణ్ణి.

నాకు అర్థం కానిది ఒకటే. మీరు లాగేసే ఆ 'చెడు' ఏమిటి? సుశ్రుతుడి దగ్గర అది వాత పిత్త కఫాలు చెడగొట్టిన రక్తం. గ్రీకుల నుంచి యునాని వైద్యానికి వచ్చేసరికి దమ్ (నెత్తురు), బల్గమ్ (కఫం), సఫ్రా (పసుపు పిత్తం), సౌదా (నల్ల పిత్తం) అని నాలుగు ద్రవాలు. ఆ లెక్క ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వాళ్లు పేర్లైనా చెప్పారు, ఏది పెరిగితే ఏ రోగమో రాసిపెట్టారు. మా సందులో మీరు తీసేది 'టాక్సిన్స్' అట. ఏ టాక్సిన్ అని అడిగితే పంపు కడుక్కుంటూ, "అన్నీ సార్" అన్నారు.

పంపు కడుక్కోవడం మాత్రం మెచ్చుకోవాల్సిందే. 1929లో పారిస్‌లో ఒక ధర్మాసుపత్రిలో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ మీ పాలబడ్డాడు. పక్క మంచం రోగికి పెట్టిన గ్లాసుల్నే శుభ్రం చేయకుండా తెచ్చి తనకీ పెట్టారని తర్వాత రాసుకున్నాడు.

ఆ తర్వాత ఆ దేశాల్లో మీరు కొంతకాలం పెద్దగా కనబడలేదు. 2016లో రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఊదారంగు గుండ్రాలై తేలారు. ఆయన అయిదు బంగారు పతకాలు కొట్టాడు. అవి ఆ గుండ్రాల వల్ల వచ్చాయా, గుండ్రాలున్నా వచ్చాయా అని ఎవరూ ఆగి అడగలేదు. చర్మం కింద సన్న నాళాలు చిట్లితే పడే కమిలిన మచ్చలవి. గుమ్మానికి గుద్దుకున్నా పడతాయి, కాకపోతే గుండ్రంగా రావు.

అబద్ధమెందుకు, రెండు రోజులు నొప్పి తగ్గింది. మీ వల్లో, అరగంట ఫోన్ లేకుండా పడుకోవడం వల్లో తెలియదు. మెడ, నడుము నొప్పులకి కొన్నాళ్లు ఉపశమనం ఉంటుందన్న పరిశోధనలూ ఉన్నాయి. కానీ ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూసినంత తేలిగ్గా మీతో కుదరదు. కప్పు లాగిందో లేదో వీపుకి తెలిసిపోతుంది కదా.

మొన్న అదే బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, నా గ్రూపు అర్జెంటుగా కావాలని. వెళ్లాను. ఈ మధ్య ఒంటి మీద టాటూలు, కోతలు ఏమైనా ఉన్నాయా అని సిస్టర్ అడిగింది. చొక్కా ఎత్తి చూపించాను. ఏడూ లెక్కపెట్టి, "ఏడాది దాకా మీ రక్తం తీసుకోం సార్" అని ఫారం మీద అడ్డగీత కొట్టింది.

మీ దగ్గరికి రాకముందు అది మంచి రక్తమేనండీ. జ్యూసు ప్యాకెట్ కూడా ఇవ్వలేదు.

ఇట్లు,
ఏడు చుక్కల వీపు