ఇంగ్లీషులో పాడకపోవడం వల్లే ఓడిందా? ‘కార్పే డియెమ్’ లెక్క వేరు

దేశానికో పాట చొప్పున పంపి ఓట్లతో విజేతను తేల్చే యూరోపు పాటల పోటీ యూరోవిజన్ వచ్చిందంటే చాలు, ఒక ఫార్వర్డ్ చేతులు మారుతూ ఉంటుంది: “ఇంగ్లీషులో పాడనివాళ్లకు అక్కడ దిక్కు లేదు. 2023లో స్లోవేనియా సొంత భాషలో పాడి 21వ స్థానంలో పడింది. ఆ దేశానికి ఎప్పుడైనా మంచి ర్యాంకు వచ్చిందంటే ఇంగ్లీషు పాటకే. మిగతాదంతా ఇరుగుపొరుగు దేశాలు జాలిపడి వేసే ఓట్లు.” వినడానికి బాగానే ఉంది. స్కోరుబోర్డు ముందు పెట్టుకుంటేనే చిక్కు.

21వ స్థానం నిజమే. లివర్‌పూల్ ఫైనల్లో జోకర్ అవుట్ బృందం పాడిన ‘కార్పే డియెమ్’కు వచ్చినవి 78 పాయింట్లు. పేరు లాటిన్‌లో ఉన్నా పాట మాత్రం ఆ దేశపు భాష స్లోవేన్‌లోనే. అయితే అదే పాట రెండు రోజుల ముందు, మే 11 గురువారం జరిగిన రెండో సెమీఫైనల్లో 103 పాయింట్లతో 16 పాటల్లో ఐదో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది సెమీఫైనళ్ల ఫలితం తేల్చింది జ్యూరీలు (దేశదేశాల సంగీత నిపుణుల బృందాలు) కాదు, ప్రేక్షకుల ఓట్లే. ఆ రాత్రి డెన్మార్క్, ఐస్‌లాండ్, గ్రీస్, జార్జియా, శాన్ మారినో ఇంగ్లీషులో పాడి మరీ ఇంటిదారి పట్టాయి. గురువారం అడ్డురాని భాష శనివారానికి ఎలా అడ్డొచ్చింది?

శనివారం మారింది పోటీ. పాటలు 26. ప్రతి దేశంలోనూ ప్రేక్షకులు ఒక పట్టీ, జ్యూరీ ఒక పట్టీ ఇస్తాయి. ఒక్కో పట్టీలో మొదటి పదింటికే పాయింట్లు. అన్ని దేశాల్లోనూ పదకొండోదిగా నచ్చిన పాటకు చివరికి దక్కేది సున్నా! పైగా ఫైనల్లో జ్యూరీలు కూడా ఉంటాయి. వాటి నుంచి స్లోవేనియాకు వచ్చినవి 33, ప్రేక్షకుల నుంచి 45. అందరికీ కాస్తోకూస్తో నచ్చి, ఎవరికీ పిచ్చిగా పట్టని రాక్ పాటను ఈ పద్ధతి ఇలాగే దెబ్బతీస్తుంది.

అదే రాత్రి ప్రేక్షకుల ఓట్లలో అగ్రస్థానం ఎవరిది? ఫిన్లాండ్‌ది. ఫిన్నిష్ పాటకు 376 పాయింట్లు. టైటిల్ కొట్టిన స్వీడన్ గాయని లోరీన్‌కు ప్రేక్షకులు ఇచ్చినవి 243 మాత్రమే, ఆమెను గెలిపించింది జ్యూరీలు ఇచ్చిన 340. ఇక అట్టడుగున 25వ స్థానంలో బ్రిటన్, 26వ స్థానంలో జర్మనీ. రెండూ ఇంగ్లీషు పాటలే, రెండూ స్లోవేనియా కంటే కిందే. ఈ ముక్కను ఫార్వర్డ్ చేసేవాళ్లు మాత్రం కనపడరు.

రెండో వాదనలో సగం నిజం ఉంది. స్లోవేనియాకు ఇప్పటిదాకా దక్కిన అత్యుత్తమ స్థానం ఏడు, అదీ రెండుసార్లు. 2001లో నూషా డెరెండా పాడింది ఇంగ్లీషు పాటే. కానీ 1995లో డార్యా ష్వైగర్ పాడింది స్లోవేన్‌లో. అప్పట్లో సొంత భాషలోనే పాడాలన్న నియమం ఉండేది కాబట్టి ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేద్దామంటే, సరే, తీసేద్దాం. ఆ నియమం పోయిన 1999 తర్వాతే చూద్దాం. స్లోవేన్ పాటలకు 2002లో 13వ స్థానం, 2007లో 15, 2019లో మళ్లీ 15. ఇంగ్లీషు పాటలకు 2001 తర్వాత 2011లో 13, 2015లో 14. ఇందులో భాష తెచ్చిపెట్టిన లాభం ఎంత?

స్లోవేనియా గాయకుడు ఓమర్ నాబర్ కథ ఇంకా బాగుంటుంది. 2005లో స్లోవేన్‌లో పాడి సెమీఫైనల్లో 12వ స్థానంతో ఆగిపోయాడు. 2017లో ఇంగ్లీషు పాటతో తిరిగొచ్చాడు. ఈసారి సెమీఫైనల్లోనే 17వ స్థానం. ఉన్నవి 18 పాటలు.

ఇక జాలి ఓట్లు. స్లోవేనియాతో సహా మాజీ యుగోస్లావియా దేశాలు ఒకరి పాటలు ఒకరు వింటాయి, ఒకరికొకరు పాయింట్లు ఇచ్చుకుంటాయి, దాన్ని కాదనను. ఆ బృందాలు వాళ్లకు ముందే తెలుసు, అంతే. కానీ జాలి మాత్రమే పనిచేస్తే 2022లో ఏమైనట్టు? స్లోవేనియాకు నాలుగు పొరుగు దేశాలు. హంగరీ అప్పటికే పోటీ మానేసింది. మిగిలిన ఇటలీ, ఆస్ట్రియా, క్రొయేషియా మూడూ స్లోవేనియా పాడిన సెమీఫైనల్లోనే ఓటేశాయి. ఎల్‌పీఎస్ బృందం పాడిన ‘డిస్కో’కు మొత్తం మీద వచ్చినవి 15 పాయింట్లు, ఆఖరి స్థానం.

పైగా 2023 నుంచి పోటీలో లేని దేశాలవాళ్లూ ఆన్‌లైన్లో కార్డుతో డబ్బు కట్టి ఓటేయొచ్చు. ఆ ఓట్లన్నీ కలిపి ఒక దేశం ఓటుగా లెక్కేస్తారు. హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు స్లోవేనియాకు ఓటేస్తే దాన్ని ఏ ఇరుగుపొరుగు ఖాతాలో రాస్తారో ఆ ఫార్వర్డ్ పంపినవాళ్లే చెప్పాలి.